వేపపూత వేళ

ఉగాది దగ్గర పడింది.

ఈ రోజుల్లో మదనపల్లెలో బస్సెక్కి పుంగనూరు, పలమనేరు మీదుగా కుప్పం వైపు వెళ్ళేవాళ్ళకు దారి పొడుగునా ఒక సన్నని తియ్యటి వాసన తగులుతూ ఉంటుంది. పొద్దుగూకే వేళ మరీ ఎక్కువ. అది వేపపూత. కొమ్మల చివర గుత్తులు గుత్తులుగా పూసి, తెల్లారేసరికి చెట్టు కింద రాలి ఉంటుంది. పండగ ముందు రోజు పిల్లలు చెట్టు కింద పాతచీర పరిచి, అందిన కొమ్మను కాస్త కదిలించి ఆ పూతను పోగు చేస్తారు. ఇంట్లో అమ్మ దాన్ని చేటలో పోసి, పుల్లా ఆకూ ఏరేసి, పచ్చట్లోకి సిద్ధం చేస్తుంది.

ఆ చేటలోంచి ఒక్క పువ్వును వేలికొన మీద పెట్టుకుని చూడండి. ఐదు తెల్లటి రేకులు, బాగా విచ్చుకుని కొద్దిగా వెనక్కి వంగి ఉంటాయి. మధ్యలో కేసరాలు విడివిడిగా ఉండవు. అన్నీ ఒకదానికొకటి అతుక్కుని ఒక చిన్న గొట్టంగా నిలబడతాయి. ఆ గొట్టం లోపలి అంచున పది పుప్పొడి తిత్తులు వరుసగా అమరి ఉంటాయి. ఇంతా కలిపి పువ్వు వెడల్పు ఒక సెంటీమీటరుకు అటూ ఇటూ. ఆకులో ఉన్నంత చేదు పువ్వులో ఉండదు. ముక్కు దగ్గర పెట్టుకుంటే పరిమళం, నాలుక మీద పెట్టుకుంటే ముందు ఏమీ తెలియదు, కాసేపటికి చేదు. పుట్టినప్పటి నుంచీ ఏటా ఈ పువ్వును తింటున్నాం. దీనికి రేకులెన్నో మనలో చాలామందిమి ఎప్పుడూ లెక్కపెట్టి ఉండం.

ఉగాది గురించి నేను చెప్పదలచుకున్నదంతా ఆ పువ్వు దగ్గరే మొదలవుతుంది.

కొత్త సంవత్సరం అనగానే మనసు ఏదో కోరుకుంటుంది. గోడలకు సున్నం, గుమ్మానికి మామిడాకులు, తలంటు, కొత్త గుడ్డలు. ఇల్లు కొత్తదవుతుంది, ఒళ్ళు తేలికవుతుంది. లోపల కూడా ఏదో మారుతుందని, పోయిన ఏటి బరువు కాస్త దిగుతుందని ఆశపడతాం. మధ్యాహ్నం ఓళిగల భోజనం చేసి నడుం వాల్చేసరికి పాత బాకీ, పాత మాటపట్టింపు, పాత బెంగ ఒక్కొక్కటే గుర్తుకొస్తాయి. సాయంత్రానికి ఏడాది పాతబడిపోతుంది. ఏడాదికోసారి వచ్చే కొత్తదనం ఎందుకు నిలవదు? ఈ సీమలో, మదనపల్లె నుంచి కుప్పం దాకా ఉన్న ఈ ఎత్తైన మెట్టనేలలో, ఆ ప్రశ్నకు జవాబు వెతికినవాళ్ళు ఉన్నారు. వాళ్ళ గురించి ఈ పూట మాట్లాడుకుందాం.

అంతకంటే ముందు పంచాంగ శ్రవణం గురించి రెండు మాటలు. ఉగాది సాయంత్రం గుడి మండపంలో పంతులుగారు పంచాంగం విప్పుతారు. ఈ ఏటి రాజెవరు, మంత్రి ఎవరు, మేఘాధిపతి ఎవరు, సస్యాధిపతి ఎవరు? తరువాత రాశి రాశికీ ఆదాయం ఎంత, వ్యయం ఎంత, రాజపూజ్యం ఎంత, అవమానం ఎంత? జనం చెవులు రిక్కించి వింటారు. దాన్ని ఎద్దేవా చేసేవాళ్ళున్నారు. నేను చేయలేను. మదనపల్లె టమాటా మార్కెట్ సంగతి తెలిసినవాళ్ళెవరూ చేయలేరు. 2023 జూలై నెలాఖరులో అక్కడ మొదటి రకం కిలో రెండు వందల రూపాయలకు దగ్గరగా పోయింది. అదే మార్కెట్లో కోతకూలి కూడా గిట్టక, తెచ్చిన పంటను రోడ్డు పక్కన పారబోసి పోయిన రోజులూ ఉన్నాయి. ఆకాశం వైపు చూసి నారు పోసే రైతు, రాబోయే ఏడాది ఎలా ఉంటుందో ముందే తెలిస్తే బాగుండని కోరుకోవడంలో తప్పేముంది?

కాని ఒకటి అడగాలి. రేపేమవుతుందో తెలుసుకోవాలన్న ఆత్రం పెరిగేకొద్దీ ఈ రోజును చూసే ఓపిక తగ్గిపోదా? పంచాంగం పుట్టిందే ఆకాశం చూసినవాళ్ళ వల్ల. తిథి, వారం, నక్షత్రం, యోగం, కరణం. ఈ ఐదింట్లో వారం తప్ప మిగిలిన నాలుగూ చంద్రుడు ఈ రాత్రి ఎక్కడున్నాడు, సూర్యుడు ఎక్కడున్నాడు అన్న లెక్కలే. తరాల తరబడి రాత్రిళ్ళు తల పైకెత్తి కూర్చున్నవాళ్ళు కట్టిన లెక్క అది. మనం లెక్క ఉంచుకుని తల ఎత్తడం మానేశాం.

ఇప్పుడు మదనపల్లె సంగతికి వస్తాను.

1895 మే నెలలో, మన్మథనామ సంవత్సర ఉగాది వెళ్ళిన కొద్ది వారాలకు, మదనపల్లెలో ఒక చిన్న ఇంట్లో సంజీవమ్మ అనే తల్లి పూజగదిలో ఒక బిడ్డను కన్నది. ఆచారం ప్రకారం పూజగదిలో పురుడు పోసుకోకూడదు. ఆమె మాత్రం అక్కడే కావాలంది. ఎనిమిదో సంతానం కాబట్టి కృష్ణుడి పేరు పెట్టారు. ఆ బిడ్డే జిడ్డు కృష్ణమూర్తి. తండ్రి నారాయణయ్య రెవెన్యూ శాఖలో ఉద్యోగి, దివ్యజ్ఞాన సమాజ సభ్యుడు. పిల్లవాడికి చిన్నతనంలోనే మలేరియా. బడికి వెళ్ళింది తక్కువ, వెళ్ళినా చదువు తలకెక్కింది తక్కువ. తమ్ముడు నిత్యానంద చురుకు. వీడు మాత్రం ఎక్కడో చూస్తూ నిలబడిపోయేవాడు. చీమల బారును చూసేవాడు, మబ్బును చూసేవాడు, ఆకు మీద పురుగును చూసేవాడు. మందమతి అని బడిలో దెబ్బలు తిన్నాడు. పదేళ్ళ వయసులో, 1905లో, తల్లి పోయింది.

ఆ పిల్లవాడి గురించి జీవితచరిత్రల్లో ఉన్న ఒక సంగతి నాకు చాలా ఇష్టం. ఒక రోజు ఇంట్లో ఉన్న గడియారాన్ని మొత్తం విప్పేశాడు. ఏ చక్రం ఏ చక్రాన్ని తిప్పుతుందో చూశాడు. తిరిగి బిగించి అది నడిచేదాకా బడికి వెళ్ళనన్నాడు, అన్నం కూడా తిననన్నాడు. మందమతి అనిపించుకున్న పిల్లవాడు అతనే. ఆ బడి అతన్ని సరిగ్గా చూడలేదు. అతను మాత్రం కనిపించిన ప్రతిదాన్నీ చూస్తూనే ఉన్నాడు.

తరువాతి కథ లోకానికి తెలిసిందే. 1909లో కుటుంబం మద్రాసు అడయారుకు చేరింది. సముద్రపు ఒడ్డున దివ్యజ్ఞాన సమాజ పెద్దల్లో ఒకరైన లెడ్‌బీటర్ ఆ పిల్లవాణ్ణి చూశారు. సమాజ అధ్యక్షురాలు అనీబిసెంట్ పెంచారు. రాబోయే జగద్గురువు ఇతనేనని 1911లో ఒక సంస్థ పెట్టారు, దేశదేశాల్లో వేలమంది చేరారు. 1929 ఆగస్టు 3న హాలండ్‌లోని ఓమెన్‌లో, సుమారు మూడువేల మంది ఎదుట, ముప్ఫై నాలుగేళ్ళ కృష్ణమూర్తి ఆ సంస్థను తానే రద్దు చేశారు. ఎవరికీ గురువుగా ఉండనన్నారు. ఇంకా యాభై ఏడేళ్ళ పాటు, 1986లో కన్నుమూసేదాకా, ఊరూరా కూర్చుని మాట్లాడారు. ఆ మాటల్లో పదే పదే వచ్చే సంగతి ఒకటుంది. నిన్న ఎవరో అన్న మాట, నిన్న తగిలిన దెబ్బ, నిన్న దొరికిన పొగడ్త, ఇవన్నీ మనసులో బొమ్మలై పేరుకుపోతాయి. ఆ బొమ్మల మధ్య నుంచే మనం భార్యను చూస్తాం, పొరుగువాణ్ణి చూస్తాం, చెట్టును చూస్తాం. ఏ రోజు బరువును ఆ రోజే దించేయగలిగితే తప్ప ఎదుట ఉన్నది కనపడదు. ఏడాది చివర్న దింపుదామంటే అప్పటికి అది రాయి కట్టేస్తుంది.

ఉగాదికి ఇంతకంటే దగ్గరి మాట నాకు తెలియదు. ఆయన ఈ మాట పండగల గురించి చెప్పలేదు, మతాచారాల మీద ఆయనకు పట్టింపూ లేదు. అయినా తలంటు పోసుకుని మనం ఒంటికి చేసే పనిని, ఆయన మనసుకు రోజూ చేయమన్నారు.

ఆ ఆలోచన నుంచే మదనపల్లెకు కొద్ది దూరంలో ఒక బడి వచ్చింది. 1920ల మధ్యలో, తాను పుట్టిన ఊరి చుట్టుపక్కల విద్యాలయానికి స్థలం వెతుకుతూ వచ్చిన కృష్ణమూర్తికి, తెట్టు గ్రామం దగ్గర కొండల మధ్య లోయలో ఒక పెద్ద మర్రిచెట్టు కనిపించింది. స్థలం అక్కడే ఖాయమైంది. 1931లో బడి ఆ లోయకు చేరింది. ఋషులు తపస్సు చేసిన చోటని జనం చెప్పుకునే కొండ పక్కనే కాబట్టి రిషివ్యాలీ. అప్పుడది వట్టి రాళ్ళ నేల. వాన పడితే పడినట్టు, లేకపోతే లేదు. బడివాళ్ళు ఏళ్ళ తరబడి చెట్లు నాటారు, గుట్టల మీద నీళ్ళు నిలిచేలా కట్టలు వేశారు. ఇప్పుడది పక్షుల నెలవు. 1991లో లోయను పక్షి సంరక్షణ ప్రాంతంగా ప్రకటించుకున్నారు. దక్షిణాది రాతిగుట్టల్లో తప్ప లోకంలో ఇంకెక్కడా ఉండని పసుపుగొంతు పికిలిపిట్ట అక్కడా, పక్కనే ఉన్న హార్స్‌లీ కొండల మీదా కనిపిస్తుంది.

ఆ బడిలో సాయంత్రం పూట ఒక అలవాటుంది. పేరు అస్తాచల్. పొద్దు వాలే వేళకు పిల్లలందరూ పడమటి కొండలు కనిపించే చోటికి వచ్చి కూర్చుంటారు. ప్రార్థన ఉండదు, పాట ఉండదు, ఉపన్యాసం ఉండదు. ఎవరూ మాట్లాడరు. సూర్యుడు కొండ వెనక్కి దిగిపోయేదాకా చూస్తారు. లేచి వెళ్ళిపోతారు. అంతే. మరునాడు మళ్ళీ.

పైకి ఏమీ లేనట్టు కనిపించే ఈ అలవాటు గురించి ఆలోచించేకొద్దీ నాకు గౌరవం పెరుగుతుంది. పదేళ్ళ పిల్లవాడికి మొదటి వారం విసుగు పుడుతుంది. కాలు కదుపుతాడు, పక్కవాణ్ణి గిల్లుతాడు. కొన్నాళ్ళకు విసుగు తగ్గుతుంది, చూపు మొదలవుతుంది. నిన్న సూర్యుడు ఆ రాతిగుండు పక్కన దిగాడు, ఇవాళ కాస్త ఇటు జరిగాడే అని తోస్తుంది. డిసెంబరులో దక్షిణంగా ఎక్కడో దిగినవాడు, ఉగాది నాటికి నేరుగా పడమటికి వచ్చేస్తాడు. జూన్ నాటికి ఉత్తరానికి పోతాడు. ఉత్తరాయణం, దక్షిణాయనం, విషువత్తు అని పుస్తకంలో చదువుకునేది, ఆ పిల్లవాడు కొండ అంచు మీద కళ్ళారా చూస్తాడు. ఏ రెండు రోజులూ ఒకటి కావని వాడికి ఎవరూ చెప్పాల్సిన పని లేదు. రిషివ్యాలీ బడి అందరికీ అందేది కాదు, ఆ సంగతి నాకు తెలుసు. సూర్యాస్తమయం మాత్రం అందరిదీ. పుంగనూరులో సర్కారు బడి పిల్లవాడికీ, కుప్పంలో గ్రానైటు క్వారీ కూలి బిడ్డకూ అదే సూర్యుడు, అదే కొండ అంచు.

ఇలాంటి రోజువారీ అలవాటు మదనపల్లెకు పొద్దున పూట కూడా ఒకటి అబ్బింది. అనీబిసెంట్ 1915లో నెలకొల్పిన దివ్యజ్ఞాన కళాశాలకు జేమ్స్ కజిన్స్ ప్రిన్సిపాల్‌గా ఉండగా, 1919 ఫిబ్రవరిలో, ఉగాదికి నెల ముందు, రవీంద్రనాథ్ ఠాగూర్ వచ్చి కొన్నాళ్ళు విశ్రాంతి తీసుకున్నారు. ఒక సాయంత్రం విద్యార్థుల మధ్య కూర్చుని తాను రాసిన జనగణమన పాడారు. జేమ్స్ భార్య మార్గరెట్ కజిన్స్ ఆ బాణీకి స్వరాలు రాసి పెట్టారు. ఠాగూర్ అక్కడే దాన్ని ఇంగ్లీషులోకి మార్చి, భారతదేశపు ఉదయగీతం అనే అర్థం వచ్చే పేరు పెట్టారు. కళాశాల ఆ పాటను పొద్దున ప్రార్థనగా పెట్టుకుంది. జాతీయగీతం కావడానికి ఇంకా ముప్ఫై ఏళ్ళుంది. ఎక్కడి బెంగాలీ కవి, ఎక్కడి ఐర్లండు దంపతులు, ఎక్కడి మదనపల్లె! పగలు మొదలు కావడానికి ఒక పాట ఉండాలని ఈ ఊరి పిల్లలకు తోచింది.

రాత్రి పూట సంగతి కూడా చెప్పాలి. మదనపల్లెకు ఎక్కువ దూరం లేదు తరిగొండ. 1730లో పుట్టిన భక్తకవయిత్రి వెంగమాంబ ఆ ఊరి ఆడపడుచు. బాల్యంలోనే పెళ్ళి, బాల్యంలోనే వైధవ్యం. జుట్టు తీయించుకోనని, బొట్టు చెరుపుకోనని ఊరితో పోరాడి, చివరికి తిరుమల చేరింది. ఈ నాటికీ తిరుమల ఆలయంలో రాత్రి ఏకాంతసేవ వేళ ఆమె పేరిట ముత్యాల హారతి జరుగుతుంది. ఆమె పోయి రెండు వందల ఏళ్ళు దాటింది. ప్రతి రాత్రీ ఆ హారతి కొత్తగా వెలుగుతూనే ఉంది.

పొద్దున పాట, సాయంత్రం సూర్యుడు, రాత్రి హారతి. తెలిసినవాళ్ళు కొత్తదనాన్ని ఏడాదికి ముడిపెట్టలేదు, రోజుకు ముడిపెట్టారు. అందుకే అది నిలిచింది.

ఇక మదనపల్లె దాటి పుంగనూరుకు వద్దాం. ఆ పేరు చెప్పగానే అందరికీ ఆవు గుర్తొస్తుంది. ఎత్తు 70 నుంచి 90 సెంటీమీటర్లు. పెద్దమనిషి పక్కన నిలబడితే మూపురం నడుము దాకా రాదు. బరువు 115 నుంచి 200 కిలోలు. తోక నేలను తాకుతూ ఉంటుంది. కొమ్ములు చిన్నవి, చంద్రవంకలా వంగి ఉంటాయి. పాలు ఎక్కువ ఇవ్వదు కానీ ఇచ్చే పాలల్లో వెన్న మెండు. మామూలు ఆవుపాలల్లో మూడున్నర నుంచి ఐదు శాతం దాకా ఉండేది, వీటిలో ఎనిమిది దాకా ఉంటుందని చెబుతారు. కరువు సీమలో ఎండుగడ్డి, చొప్పతో నెట్టుకొచ్చే జీవం. నేల ఇచ్చిన కాస్తతో బతకడానికి ఒళ్ళు చిన్నది చేసుకుని, ఉన్న సత్తువంతా పాలల్లో పోసే ఈ జీవాన్ని చూస్తే నాకు ఎప్పుడూ ఆశ్చర్యమే. ఒకప్పుడు ఇక్కడి సంస్థానాధీశులు, రైతులు సాకిన జాతి. ఎక్కువ పాలిచ్చే సంకర జాతులు వచ్చాక పల్లెల్లో కరిగిపోతూ వచ్చింది. పలమనేరులోని పశు పరిశోధన స్థానం దీన్ని కాపాడే పనిలో ఏళ్ళుగా ఉంది.

2024 సంక్రాంతికి ఢిల్లీలో ప్రధానమంత్రి తన ఇంట్లో ఈ ఆవులకు మేత తినిపిస్తున్న ఫోటోలు దేశమంతా చూసింది. ఆ వెంటనే నగరాల్లో చాలామందికి ఇలాంటిదొకటి మాకూ కావాలనే మోజు పుట్టింది. ఒక మాట చెప్పక తప్పదు. ఆశ్చర్యం వేరు, మోజు వేరు. ఆశ్చర్యపడ్డవాడు ఇంకాస్త దగ్గరికి వచ్చి చూస్తాడు, అది ఏం తింటుంది, ఎలా బతుకుతుంది అని అడుగుతాడు. మోజు పడ్డవాడు ధర అడుగుతాడు. అపార్ట్‌మెంట్ వరండాలో పుంగనూరు ఆవు పుంగనూరు ఆవుగా ఉండలేదు. దానికి ఈ మెట్ట కావాలి, ఈ ఎండ కావాలి, తోడు మంద కావాలి. ఉగాది నాడు కొన్ని పల్లెల్లో రైతులు ఎద్దులకు పసుపు కుంకుమలు పెట్టి, కాడి కట్టి, పొలంలో నాలుగు సాళ్ళు దున్ని వస్తారు. ట్రాక్టర్లు వచ్చాక అది తగ్గింది. చేసేవాళ్ళు చేస్తూనే ఉన్నారు. ఏడాదిలో మొదటి పనిగా నేలను తాకి రావడం నాకు చాలా ఉన్నతంగా కనిపిస్తుంది.

ఇంకా దక్షిణానికి పోతే కుప్పం. మూడు రాష్ట్రాలు కలిసే మూల. ఒకే వీధిలో మూడు భాషలు వినిపిస్తాయి. 1997లో ద్రావిడ విశ్వవిద్యాలయం ఇక్కడ పెట్టింది అందుకే. కుప్పంలో కొత్త సంవత్సరం ఒకటి కాదు. తెలుగువాళ్ళూ, కన్నడంవాళ్ళూ చైత్ర శుద్ధ పాడ్యమి నాడు చేసుకుంటారు. తెలుగింట్లో ఆరు రుచుల పచ్చడి, కన్నడింట్లో వేపపూతా బెల్లమూ. తమిళుల సంవత్సరాది సుమారు ఏప్రిల్ 14న. వాళ్ళ మామిడికాయ పచ్చట్లోనూ బెల్లం, వేపపూత పడతాయి. ఒకే చెట్టు పూత, రెండు పండగలకూ సరిపోతుంది.

ఈ రెండు తేదీలు వేరు కావడానికి కారణం ఆకాశంలోనే ఉంది. మనది చంద్రుణ్ణి నమ్ముకున్న లెక్క. పన్నెండు చాంద్రమాసాలు 354 రోజులకే అయిపోతాయి. సూర్యుడి ఏడాదికి పదకొండు రోజులు తక్కువ. అలా వదిలేస్తే కొన్నేళ్ళకు ఉగాది చలికాలంలోకి, ఇంకొన్నేళ్ళకు వానాకాలంలోకి జరిగిపోతుంది. అందుకే ఇంచుమించు మూడేళ్ళకోసారి ఒక అధికమాసం కలుపుతారు. దానివల్లే ఉగాది ఎప్పుడొచ్చినా వేపపూత, మామిడిపిందె, కొత్త చింతపండు, కొత్త బెల్లం ఉన్న కాలంలోనే వస్తుంది. తమిళులది సూర్యుణ్ణి నమ్ముకున్న లెక్క కాబట్టి తేదీ పెద్దగా మారదు. రెండూ నిజమే. రెండు రకాలుగా ఆకాశం చూసినవాళ్ళు పక్కపక్క ఇళ్ళలో ఉన్నారు. ఉగాది ఓళిగలు తమిళింటికి వెళతాయి, చిత్తిరై పచ్చడి తెలుగింటికి వస్తుంది.

కొన్ని తమిళ ఇళ్ళలో, కేరళలోనైతే విషు నాడు ఇంటింటా, ఒక ఆచారం ఉంది. ముందు రాత్రే ఒక పళ్ళెంలో పళ్ళు, పూలు, ధాన్యం, కాస్త బంగారం, ఒక అద్దం పెట్టి దేవుడి ముందు ఉంచుతారు. తెల్లవారుజామున పెద్దావిడ పిల్లల కళ్ళు మూసి తీసుకొచ్చి, ఆ పళ్ళెం ముందు కూర్చోబెట్టి తెరవమంటుంది. సంవత్సరంలో మొదటి పని చూడటం! పూలూ పళ్ళూ కనిపిస్తాయి, వాటి మధ్య అద్దంలో తన ముఖమూ కనిపిస్తుంది. మనకు పంచాంగ శ్రవణం చెవి పండగ. వాళ్ళది కంటి పండగ. మన పండగకు ఆ కన్ను కూడా తోడైతే ఎంత బాగుంటుంది!

కుప్పం దగ్గర గుడివంకలో ఆ కన్ను తెరిపించే పని ఒకటి జరుగుతోంది. 1999లో మొదలైన అగస్త్య ఫౌండేషన్‌కు అక్కడ 172 ఎకరాల ఆవరణ ఉంది. దాన్ని స్థాపించిన రామ్‌జీ రాఘవన్ చిన్నప్పుడు రిషివ్యాలీలో చదువుకున్నవారు. బ్యాంకు ఉద్యోగం వదిలి వచ్చి పల్లె పిల్లల చదువు పట్టుకున్నారు. బోడి గుట్టగా ఉన్న నేలను చెక్‌డ్యాములతో, ఈ నేలకు అలవాటైన చెట్లతో మళ్ళీ పచ్చగా చేశారు. చుట్టుపక్కల సర్కారు బడుల పిల్లలు వచ్చి అయస్కాంతాన్ని, కటకాన్ని, లోలకాన్ని చేత్తో పట్టుకుని పరీక్షలు చేసుకుంటారు. రాలేని ఊళ్ళకు వ్యాన్లలో, మోటారుసైకిళ్ళ మీద ప్రయోగశాల వెళుతుంది. పిల్లలే తోటి పిల్లలకు పాఠం చెబుతారు. గడియారం విప్పి బిగించేదాకా అన్నం ముట్టని ఆ మదనపల్లె పిల్లవాడికి ఇలాంటి బడి దొరికి ఉంటే, మందమతి అని ఒక్కరూ అని ఉండేవారు కాదు.

దీన్ని ఆధ్యాత్మికం అనవచ్చా అని కొందరికి సందేహం రావచ్చు. నా మటుకు నాకు సందేహం లేదు. కటకంలోంచి మొదటిసారి చీమ కాలును చూసిన పిల్ల ఒక్క క్షణం తనను తాను మరిచిపోతుంది. ఆ క్షణంలో మార్కులు లేవు, ఇంట్లో తగాదా లేదు, నిన్న తిన్న దెబ్బ లేదు. భక్తుడు గర్భగుడి ముందు నిలబడ్డప్పుడు జరిగేదీ అదే. అందుకే ఈ రెంటి మధ్యా గోడ కట్టడానికి నాకు మనసొప్పదు.

కష్టాల్లో ఉన్నవాడికి ఆశ్చర్యం ఏం ఒరగబెడుతుందని కూడా అడగవచ్చు. అప్పు తీరదు. ధర పెరగదు. పోయిన మనిషి తిరిగి రాడు. వేపపూత పచ్చట్లో ఉన్నది ఆ చేదు కోసమే కదా, దాన్ని పక్కకు తీసిపెట్టి తినమని ఎవరూ అనరు. అయితే దుఃఖంలో ఉన్నవాళ్ళకు మొదట ముడుచుకుపోయేది చూపే. పదేళ్ళకు తల్లిని పోగొట్టుకున్న పిల్లవాడు చీమలను చూస్తూ నిలబడగలిగాడంటే, ఆ చూపే అతన్ని పట్టి నిలిపి ఉంటుందని నాకనిపిస్తుంది.

ఇక ఒక విన్నపం. ఉగాది నాడు రాత్రి ఆకాశంలో చంద్రుడు దాదాపు కనిపించడు. మన ఏడాది చీకట్లో మొదలవుతుంది. పాడ్యమి సాయంత్రమో, విదియ సాయంత్రమో పడమట సన్నని నెలవంక కాసేపు కనిపించి దిగిపోతుంది. 2025లో మార్చి 30, ఆదివారం ఉగాది. ఆ సాయంత్రం కనిపించిన నెలవంకే రంజాను నెల ముగిసిందని చెప్పింది. సోమవారం పండగ. మదనపల్లెలో గుడి మండపంలో పంచాంగం వింటున్నవాళ్ళూ, మేడల మీద నెలవంక కోసం వెతుకుతున్నవాళ్ళూ ఆ సాయంత్రం ఒకే పడమటి దిక్కున ఉన్న చంద్రుడి లెక్కలోనే ఉన్నారు. దేవుని కడపలో ఉగాది నాడు ముస్లిములు వచ్చి వెంకటేశ్వరస్వామిని, స్వామి పెళ్ళాడిన ముస్లిం కన్యగా చెప్పుకునే బీబీ నాంచారి తరఫు చుట్టరికం చెప్పుకుని, దర్శించుకుంటారు. ఈ ప్రాంతానికి ఇవన్నీ కొత్త కాదు.

కాబట్టి మదనపల్లె, పుంగనూరు, కుప్పం ఊళ్ళలో పంచాంగ శ్రవణం జరిపించే ఆలయ పెద్దలకు, గ్రంథాలయాలవాళ్ళకు నేను అడిగేది ఇది. శ్రవణం అయ్యాక, వీలైతే మరునాడు విదియ సాయంత్రం, అరగంట సేపు అందరినీ మేడ మీదికో, ఊరి బయటి గుట్ట మీదికో తీసుకువెళ్ళండి. పంచాంగం చదివిన పంతులుగారే నెలవంకను చూపించి, ఇది ఏ నక్షత్రం దగ్గరుందో చెప్పగలరు. పక్క బడి సైన్సు మాస్టారి దగ్గర చిన్న టెలిస్కోపు ఉంటే తెమ్మనండి. లేకపోతే బైనాక్యులర్స్ చాలు, చంద్రుడి మీది గుంటల అంచులు వాటితోనే కనిపిస్తాయి. కుప్పంవాళ్ళకు ఇంకో వీలు కూడా ఉంది. సరిహద్దు దాటి వాణియంబాడి మీదుగా వెళితే జవ్వాది కొండల్లో కావలూరు వేధశాల. 1988 ఫిబ్రవరిలో అక్కడ కనుక్కున్న ఒక గ్రహశకలానికి గణిత మేధావి రామానుజన్ పేరు పెట్టారు. సెలవుల్లో పిల్లలను అటు ఒకసారి తీసుకువెళ్ళండి.

నెలవంక కనిపించే సమయం తక్కువ. సూర్యుడు దిగిన అరగంట నుంచి ముప్పావుగంట లోపు చూడాలి, పడమట చెట్లు, భవనాలు అడ్డం లేని చోటు ముందే చూసి పెట్టుకోవాలి. మబ్బు పడితే మరునాటి సాయంత్రం తదియ చంద్రుడు ఇంకా పైన, ఇంకాస్త లావుగా కనిపిస్తాడు. పిల్లలను మాత్రం ముందు వరుసలో కూర్చోబెట్టండి.